అన్న పైకి రాలేదు: వెతుకులాటలో అర్థం ఎక్కడుంటుంది?

పుస్తకాల గది, జయనగర్
శనివారం, రాత్రి 9.40

ఈ చర్చ మా కమిటీ మీటింగులో తెగలేదు. రెండు వారాలుగా నాకు నిద్ర పట్టనివ్వడం లేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

బెంగళూరులో మా తెలుగువాళ్ల చిన్న లైబ్రరీ ఒకటుంది. పోయిన ఏడాది ఒక కుటుంబం వాళ్లు రెండు ట్రంకు పెట్టెల నిండా పాత ఉత్తరాలు ఇచ్చారు. కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన ఒకాయన పలమనేరు దగ్గరి పల్లెలో ఉన్న అక్కకు రాసినవి. ఎక్కువ భాగం 1950ల నాటివి. వాటిని స్కాన్ చేయించి, టైపు చేయించి కంప్యూటర్లో పెట్టాం. వెతకడానికి రెండు దారులున్నాయి. పాతది మాటకు మాట కలిపి చూస్తుంది. మా కుర్రాళ్లు పెట్టిన కొత్తది 'అర్థాన్ని బట్టి' వెతుకుతుందని చెప్తారు. ప్రతి వాక్యాన్నీ కొన్ని వందల అంకెల వరుసగా మార్చి, ఏ వరుస దేనికి దగ్గరగా ఉందో చూస్తుంది.

ఆ కుటుంబం నుంచే ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల అవ్వకు ఇద్దరు అన్నదమ్ములనీ, పెద్దాయన గనిలోనే పోయాడనీ ఇంట్లో వినేదట. ఆ సంగతి ఎక్కడైనా రాసి ఉందేమో చూడమంది. నేను 'గని ప్రమాదం' అని కొట్టాను. మాటల సెర్చ్‌లో ఒక్కటీ రాలేదు. 'గనిలో చనిపోయిన అన్న' అని కొత్తదాంట్లో కొట్టాను. బంగారు గనుల మీద ఒక వ్యాసం, తమ్ముడి చావు మీద ఒక కథ, ఇంకేవేవో వచ్చాయి. ఉత్తరాలు మాత్రం పైన లేవు.

చివరికి కూర్చుని ఒక్కొక్కటీ చదివితే దొరికింది. నీలం రంగు ఇన్‌లాండ్ కాగితం. మడత పెట్టిన చోట సిరా పాకిపోయింది. అందులో ఉన్నది ఇంతే:

"అక్కకు నమస్కారం. గురువారం రాత్రి లోపల శబ్దం వచ్చింది. మా ఇంటి పెంకులు జారి కిందపడినాయి. అన్న పైకి రాలేదు. నువ్వు బయల్దేరి రావొద్దు. నేనే వస్తాను."

ప్రమాదం అన్న మాట లేదు. చావు అన్న మాట లేదు. గని అన్న మాట కూడా లేదు. అక్కడ బతికేవాళ్లకు అది 'లోపల'. నేల పైది 'పైన'. కోలార్‌లోని ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతున రాతిమీద ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా పగిలితే ఆ అదురు పైన ఇళ్లదాకా వచ్చేది. ఆ శబ్దం వినబడితే ఇళ్లలో ఆడవాళ్లు షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్లట.

ఇంతకీ ఆ వాక్యం కొత్త సెర్చ్‌లో ఎక్కడుందా అని చూశాను. నా ప్రశ్నకు 61వ స్థానంలో ఉంది. 'జీవితంలో ఎదగని అన్న' అని కొట్టి చూస్తే మూడో స్థానంలోకి వచ్చింది! మనం 'వాడు పైకి రాలేదు' అంటే బాగుపడలేదనే కదా. యంత్రం లోకమంతా ఎలా వాడుతుందో అలాగే తీసుకుంది.

నా వాదన ఇది. అర్థం మాటలో ఉండదు, వాక్యంలోనూ ఉండదు. ఎవరు, ఎక్కడ, ఎవరికి చెప్తున్నారన్న దాంట్లో ఉంటుంది. అందుకని మనిషి చదివి, ఇది దేని గురించో చేత్తో రాసి పెట్టాల్సిందే. యంత్రం చూపించే దగ్గరితనాన్ని అర్థం అని పిలవడం తప్పు. కమిటీలో సగం మంది నా మాటకు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?


సెర్చ్ ఇంజనీర్, కోరమంగళ
శనివారం, రాత్రి 11.15

సర్, ఉత్తరం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా మీ ముగింపుతో విభేదిస్తున్నాను.

ఈ తగువు కొత్తది కాదు. 1960లలో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో, విమానశాస్త్రం నేర్పే కాలేజీలో, సిరిల్ క్లెవర్డన్ అనే లైబ్రేరియన్ దీన్ని పరీక్షకు పెట్టాడు. రెండో విడతలో 1,400 పేపర్లు, రెండు వందలకు పైగా ప్రశ్నలు. 33 రకాల ఇండెక్సు పద్ధతులు. పర్యాయపదాలను కలిపినవి, మాటలను వర్గాలుగా పేర్చినవి, నిపుణులు తయారుచేసిన పదజాబితాలు, అన్నీ. పేపర్లో ఉన్న ఒంటి మాటలను ఉన్నవి ఉన్నట్టు వాడిన పద్ధతే పై స్థానాల్లో నిలిచింది. ఆయనకే ఆశ్చర్యం వేసిన ఫలితం అది. మనుషులు కష్టపడి కట్టిన 'అర్థం' ఆ పరీక్షలో పెద్దగా అక్కరకు రాలేదు.

ఇంకో కథ నాకు మరీ ఇష్టం. కేంబ్రిడ్జిలో మార్గరెట్ మాస్టర్‌మన్ అనే ఆవిడ భాషాపరిశోధన బృందాన్ని నడిపేది. ఆవిడ తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ శిష్యురాలు. మాట అర్థం దాని వాడుకలో ఉంటుందని చెప్పిన ఆయనే. ఆ బృందంలోంచి వచ్చిన కేరెన్ స్పార్క్ జోన్స్ 1964లో పర్యాయపదాల మీద థీసిస్ రాసింది. ఏ మాట ఏ మాటకు సాటి, వాటిని గుంపులుగా ఎలా కట్టాలి అన్నది ఆవిడ ప్రశ్న. ఏళ్ల తరబడి అర్థాల గుంపులు కట్టి చూసింది. 1972కు వచ్చేసరికి ఆవిడ ఇచ్చింది ఒక చిన్న లెక్క. ఒక మాట ఎంత తక్కువ పత్రాల్లో కనబడితే దానికి అంత బరువు ఇవ్వండి, అంతే. ఇవాళ్టికీ చాలా సెర్చ్‌లు ఆ లెక్క పునాది మీదే నిలబడి ఉన్నాయంటే తప్పు లేదు. అర్థం నుంచి బయల్దేరిన మనిషి లెక్క దగ్గరికి చేరింది. అది ఓటమి అనుకోను. అర్థం ఎక్కడ దాక్కుని ఉందో ఆవిడకు జాడ తెలిసిందనుకుంటాను.

మీ సెర్చ్ తప్పింది నిజమే. ఒక్కటి అడుగుతాను. ఉత్తరాలను వాక్యాలుగా ముక్కలు చేసి ఎక్కించారా? అలా అయితే 'అన్న పైకి రాలేదు' అన్న వాక్యాన్ని 'లోపల శబ్దం వచ్చింది' నుంచి మీరే విడదీశారు. మనిషికి ఆ ఒక్క వాక్యం చీటీ మీద రాసి ఇస్తే ఏమనుకుంటాడు? బాగుపడని అన్న అనే కదా.


బస్సులో చదువుతున్నవాడు
ఆదివారం, ఉదయం 7.05

నాకు ఈ సిద్ధాంతాలు తెలియవు. మా అమ్మ ఫోన్లో 'సరే, వస్తాను' అంటే పెట్టేస్తున్నానని. 'వెళ్తాను' అనదు, అపశకునమని. దీపం ఆరింది అనదు, కొండెక్కింది అంటుంది. రాత్రిపూట పాము అనదు, పురుగు అంటుంది. మా నాయనమ్మ మశూచిని 'అమ్మవారు పోసింది' అనేది. మనకు ముఖ్యమైన సంగతి ఏదైనా ఉంటే దాని పేరు ఎత్తకుండా చెప్తాం. యంత్రం పేరునే వెతుకుతుంది. మరి ఎలా కుదురుతుంది?


సెర్చ్ ఇంజనీర్, కోరమంగళ
ఆదివారం, ఉదయం 8.30

చక్కటి ఉదాహరణలు ఇచ్చారు బ్రదర్. కానీ 'పురుగు ముట్టింది' పక్కన మంత్రం, నురగ, ఆసుపత్రి అన్న మాటలు వస్తాయి. 'పురుగు పట్టింది' పక్కన బియ్యం, పంట, మందు కొట్టడం వస్తాయి. మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవచ్చని ఫర్త్ అనే భాషావేత్త 1957లోనే రాశాడు. మాటలను అంకెలుగా మార్చే పద్ధతులు, 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ అయినా, 2018లో వచ్చిన బెర్ట్ అయినా ఆ సావాసాన్నే లెక్క కడతాయి. తెలుగు పాఠాలు తగినన్ని చూపిస్తే ఇది నేర్చుకుంటుంది. మనం చూపించలేదు, అంతే.


రిటైర్డ్ లైబ్రేరియన్, మల్లేశ్వరం
ఆదివారం, మధ్యాహ్నం 12.20

ఇద్దరి మాటా విన్నాను. నాకు ఇద్దరి మీదా అభ్యంతరం ఉంది.

నేను చదువుకున్నది మైసూరు రోడ్డులోని డీఆర్‌టీసీలో. రంగనాథన్ గారు 1962లో భారత గణాంక సంస్థ కింద ఇక్కడ పెట్టిన లైబ్రరీ శాస్త్ర పరిశోధన, శిక్షణ కేంద్రం. ఆయన మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయి, నేర్చుకోవడానికి లండన్ వెళ్లారు. అక్కడ ఒక దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు చూశారు. అవే రేకు ముక్కలు, అవే మరలు. బిగించే తీరును బట్టి ఒకసారి బండి, ఒకసారి క్రేను. పుస్తకం విషయం కూడా అంతే కదా అని ఆయనకు తట్టిందట. విషయాలకు ముందుగానే అరలు కట్టి పెట్టడం కాకుండా, ముక్కలు ఉంచుకుని ఏ పుస్తకానికి ఆ పుస్తకం బిగించుకోవాలి. 1933లో వచ్చిన కోలన్ వర్గీకరణ అదే. తర్వాత ఆ ముక్కలు అయిదు జాతులని తేల్చారు. వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలం.

ఇంజనీరు బాబుకు నేను చెప్పేది ఇది. ఆ ఉత్తరాన్ని ఆ పద్ధతిలో నేను చూస్తే, 'లోపల' అన్న మాట దగ్గర ఆగి ఎక్కడి లోపల అని అడుగుతాను. దేశం అన్న గడి ఖాళీగా ఉంటే నాకు ఊరట ఉండదు. గడి నన్ను ప్రశ్న అడిగిస్తుంది. నీ అంకెల వరుస ఎవరినీ ఏమీ అడగదు. ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది.

జయనగర్ వారికి చెప్పేది ఇంకొకటి. చేత్తో రాసి పెడితే సరిపోతుందన్నారు. ముప్పయ్యేళ్లు ఆ పని చేశాను. ఒకే పుస్తకానికి ఇద్దరం కూర్చుని విషయం రాస్తే రెండు రకాలుగా వచ్చేది. నేనే ఆరు నెలల తర్వాత రాస్తే మూడో రకంగా వచ్చేది. ఒక పుస్తకం 'దేని గురించి' అన్న దానికి ఒకే సరైన జవాబు ఉండదని పాట్రిక్ విల్సన్ 1968లోనే వాదించాడు. ఆయన వాదన చదివాక చాలా రోజులు క్యాటలాగు రాయడానికి చెయ్యి ఆడలేదు నాకు.

అసలు సంగతి ఇంకోటి. ఆ ఉత్తరాలు ట్రంకులో ఎలా ఉన్నాయి? విడిగానా, కట్టలుగానా? ఎందుకంటే పాత కాగితాలు వచ్చిన వరుసను చెదరగొట్టకూడదన్నది రికార్డు గదుల మొదటి నియమం.


వకీలు, శివాజీనగర్
ఆదివారం, మధ్యాహ్నం 1.10

మేడమ్ చెప్పింది కోర్టు కాగితాలకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఎదుటి పక్షం వాళ్లు తప్పును తప్పు అని ఎక్కడా రాయరు.


పుస్తకాల గది, జయనగర్
ఆదివారం, సాయంత్రం 6.45

వకీలు గారూ, మీరన్న దానికి అచ్చంగా సరిపోయే పరీక్ష ఒకటుంది. ఇంజనీరు గారు క్రాన్‌ఫీల్డ్ తెచ్చారు కాబట్టి నేను దీన్ని తెస్తాను.

1985లో డేవిడ్ బ్లేర్, మేరన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పెద్ద దావా కాగితాల మీద సెర్చ్‌ను పరీక్షించారు. దాదాపు 40,000 పత్రాలు, మూడున్నర లక్షల పేజీలు. తమకు కావలసిన వాటిలో కనీసం 75 శాతం దొరకాలని లాయర్లు ముందే చెప్పారు. వెతికి వెతికి, కావలసినంత దొరికిందని తృప్తిపడ్డారు. లెక్క తీస్తే సగటున 20 శాతం దగ్గర ఆగింది. కారణం? ఒక పక్షం వాళ్లు 'ప్రమాదం' అని రాస్తే, రెండో పక్షం వాళ్లు 'ఆ సంఘటన', 'ఆ పరిస్థితి', 'ఆ ఇబ్బంది' అని రాసుకున్నారు. రాసినవాళ్లందరికీ ఏ సంగతో తెలుసు. బయటివాడికి తెలియదు. బయటివాడికి తనకు తెలియదన్న సంగతి కూడా తెలియదు. నన్ను భయపెట్టేది ఆ రెండోదే. 'గని ప్రమాదం' అని కొట్టి సున్నా వచ్చినప్పుడు నేను ఆ అమ్మాయితో 'ఏమీ లేదమ్మా' అనేసి ఉంటే?

క్రాన్‌ఫీల్డ్ గురించి కూడా ఒకటి. అక్కడ పేపర్లు రాసినవాళ్లు విమానాల ఇంజనీర్లు. ప్రశ్నలు తీసుకున్నదీ పేపర్లు రాసిన అలాంటి వాళ్ల నుంచే. మీ పరిశోధన ఏ ప్రశ్న నుంచి పుట్టిందో రాయండి అని అడిగి తీసుకున్నారు. రెక్క మీద గాలి ఒరిపిడికి అందరూ ఒకే మాట వాడతారు. వెతికేవాడూ రాసేవాడూ ఒకే వృత్తివాళ్లయితే మాటలు చాలు, ఒప్పుకుంటాను. ఛాంపియన్ రీఫ్ కార్మికుడు రాసింది వైట్‌ఫీల్డ్‌లో ఉండే అమ్మాయి వెతుకుతుంటే చాలవు. మధ్యలో మూడు తరాలు, ఒక మూతపడ్డ గని ఉన్నాయి. 2001లో గని మూసేశాక 'లోపల' అన్న మాటకు ఆ అర్థం చెప్పేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

మేడమ్, మీరు అడిగింది నా గుండెల్లో గుచ్చుకుంది. కట్టలుగానే ఉన్నాయి. స్కానింగు షాపులో అన్నీ విప్పి, సైజుల వారీగా పేర్చేశారు. విప్పొద్దని నేను చెప్పి ఉండాల్సింది. ఒక్క మేలు జరిగింది. ట్రంకు తెరిచిన రోజు ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. వాటిలో మిగతా కట్టలన్నిటికీ జనపతాడు. ఒక్కదానికి మాత్రం చీర అంచు చింపి కట్టారు, ఎర్ర అంచు. పెద్దది చేసి చూస్తే ఏడు ఉత్తరాలు గుర్తుపట్టగలిగాను. ఆ నీలం కాగితం వాటిలోదే.


సెర్చ్ ఇంజనీర్, కోరమంగళ
ఆదివారం, రాత్రి 10.50

సర్ పంపిన టైపు ప్రతులతో నేనూ కూర్చున్నాను. ఏం జరిగిందో జరిగినట్టు చెప్తాను.

వాక్యాల ముక్కలు తీసేసి ఉత్తరాన్ని మొత్తంగా ఎక్కించాను. 61 నుంచి తొమ్మిదో స్థానానికి వచ్చింది. తర్వాత ముందూ వెనకా ఉత్తరాలు కూడా కలిపి ఒక్కటిగా ఎక్కించాను. రెండో స్థానానికి వచ్చింది. అదే యంత్రం, అదే ప్రశ్న. మారింది సందర్భం ఒక్కటే. కాబట్టి అర్థం సందర్భంలో ఉందన్న మీ మాట నిజమే. ఆ సందర్భాన్ని యంత్రం చూడలేదన్న మాట నిజం కాదు.

బ్లేర్, మేరన్ పేపరుకు మరుసటి ఏడాదే, 1986లో, జెరార్డ్ సాల్టన్ జవాబు రాశాడు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్మార్ట్ అనే సెర్చ్ సిస్టమ్ కట్టినవాడు. చేత్తో విషయాలు రాసిన పద్ధతిని అదే కాగితాల మీద పరీక్షించారా, అది ఇంతకంటే బాగా చేస్తుందని ఎలా తెలుసు అన్నది ఆయన ప్రశ్నలో కీలకం. ఆ ప్రశ్న మీక్కూడా వేస్తున్నాను. ఎన్ని వేల ఉత్తరాలు చదివి కార్డులు రాస్తారు? రాయని ఉత్తరం గతేమిటి?

ఇంకోటి. మనుషులే ఒప్పుకోరని మేడమ్ అన్నారు. ట్రెక్ అని 1992 నుంచి అమెరికాలో ఏటా జరుగుతున్న సెర్చ్ పరీక్షల్లో దీన్ని కొలిచారు. ఏ పత్రం ప్రశ్నకు సంబంధించిందో ఇద్దరు మనుషుల చేత విడివిడిగా చెప్పిస్తే, వాళ్ల ఎంపికల్లో కలిసినవి సగం కూడా దాటలేదు. అయినా ఏ సిస్టమ్ మేలు, ఏది నాసి అన్న వరుస మాత్రం పెద్దగా మారలేదు. మనుషులు ఒక్కో పత్రం దగ్గర తగువు పడుతూనే, మొత్తం మీద ఒక దిక్కు చూపిస్తారు. అర్థం అంటే ఆ దిక్కేనేమో. ఏ ఒక్కరి బుర్రలోనూ మొత్తంగా లేకపోయినా, అందరి మధ్యా ఉంటుంది.


శాస్త్రపాఠం, మైలాపూర్
సోమవారం, ఉదయం 5.50

చెన్నై నుంచి రాస్తున్నాను. మా పాఠశాలలో పిల్లలకు మొదట్లోనే చెప్పే ఉదాహరణ ఇక్కడ పనికొస్తుందని అనిపించింది.

'సైంధవమానయ' అంటాడు యజమాని. సైంధవం తీసుకురా అని. సైంధవం అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనానికి కూర్చున్నవాడు అంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి నిలబడ్డవాడు అంటే గుర్రం తేవాలి. వాక్యం అర్థం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని శాస్త్రం. ఒక మాట ఇంకో మాటను కోరుకోవాలి, అవి ఒకదానికొకటి పొసగాలి, దగ్గరదగ్గరగా ఉండాలి. ఇంజనీరు గారి యంత్రం ఈ మూడూ చూస్తుందనే అనుకుంటున్నాను. సావాసం అన్నది సన్నిధే కదా. తర్కశాస్త్రం చెప్పే నైయాయికులు నాలుగోది కూడా చెప్పారు, తాత్పర్యజ్ఞానం. అన్నవాడి ఉద్దేశం తెలియడం. సైంధవం దగ్గర తేల్చేది అదొక్కటే. మొదటి మూడూ ఉప్పుకూ ఉన్నాయి, గుర్రానికీ ఉన్నాయి.

ఇక్కడ గమనించండి. తెచ్చేవాడు నిఘంటువు చూడడు. యజమాని కాళ్ల వైపు చూస్తాడు. చెప్పులు వేసుకున్నాడా, పీట మీద కూర్చున్నాడా అని. వెతికిపెట్టేవాడికి ఇద్దరి తాత్పర్యం కావాలి. రాసినవాడిది, అడిగినవాడిదీ. మీ చర్చ అంతా రాసినవాడి దగ్గరే తిరుగుతోంది. ఆ అమ్మాయి అడిగింది ఏమిటి? 'ఆ సంగతి రాసి ఉందేమో' అంది. ఏ సంగతి?

స్పార్క్ జోన్స్ గారి లెక్క చదివినప్పుడు నాకు దిఙ్నాగుడు గుర్తొచ్చాడు. బౌద్ధ తార్కికుడు. ఆవు అన్న మాట ఆవును నేరుగా చూపించదు, ఆవు కానివాటినన్నిటినీ తోసేస్తుంది, మిగిలేదే అర్థం అన్నాడు. అపోహ అంటారు దాన్ని. వెయ్యి పత్రాల్లో పదింటిలోనే ఉన్న మాట 990 పత్రాలను తోసేస్తుంది. అందుకే దానికి బరువు. ఎంత తోస్తే అంత అర్థం. రెండూ ఒకటేనని అనను. ఆయన చెప్పింది జ్ఞానం గురించి, ఆవిడ చెప్పింది కొలత గురించి. కానీ మీమాంసకుడు కుమారిలుడు అపోహవాదాన్ని ఎదిరించిన తీరు ఇక్కడ కూడా నిలుస్తుంది. ఆవు కానివి ఏవో తెలియాలంటే ముందు ఆవు తెలియాలి కదా అని. ఏది తోసెయ్యాలో తెలియడానికి ముందే ఏది కావాలో ఎవరికో తెలిసి ఉండాలి.


బస్సులో చదువుతున్నవాడు
సోమవారం, ఉదయం 7.00

కాళ్ల వైపు చూస్తాడు అన్నది చాలా బాగా చెప్పారు శాస్త్రిగారూ. మా పచారీ కొట్టాయన అంతే. పిల్లాడు వచ్చి 'అమ్మ పొడి తెమ్మంది' అంటే చేతిలో డబ్బెంతుందో చూసి ఇస్తాడు.


రిటైర్డ్ లైబ్రేరియన్, మల్లేశ్వరం
సోమవారం, ఉదయం 10.15

శాస్త్రిగారు అడిగిన ప్రశ్న మా వృత్తిలో అన్నిటికంటే పాతది. వచ్చినవాళ్లు అడిగేది వాళ్లకు కావలసింది కాదు. వాళ్ల దగ్గర లేనిదేదో వాళ్లు ఎలా వివరిస్తారు? నికొలస్ బెల్కిన్ అనే పరిశోధకుడు 1980లో దీన్నే సిద్ధాంతంగా పెట్టాడు. వెతికేవాడి జ్ఞానంలో ఒక తేడా, ఒక గండి ఉంటుంది, ఆ గండి ఆకారం వాడికే తెలియదు అని. అందుకే మేము కౌంటర్ దగ్గర పుస్తకం ఇచ్చే ముందు నాలుగు మాటలు మాట్లాడేవాళ్లం. జయనగర్ గారూ, ఆ అమ్మాయిని ఇక్కడికి పిలవండి. ఆమెను అడక్కుండా మనం ఇంత రాయడం నాకు సబబుగా లేదు.


పలమనేరు పిల్ల, వైట్‌ఫీల్డ్
సోమవారం, రాత్రి 9.30

నమస్కారం అండీ. ఆ ఉత్తరాలు మా అవ్వవే. సార్ లింకు పంపితే మొదటి నుంచీ చదివాను.

నేను అడిగింది పెద్ద తాత ఎట్లా పోయినాడో రాసి ఉందేమోనని. అదే తెలుసుకోవాలనుకున్నానని నేనూ అనుకున్నాను. నీలం ఉత్తరం చదివాక ఏడుపొచ్చింది, నిజమే. కానీ అది మాకు తెలిసిన సంగతే. తెలియనిది ఇంకోటుంది. మా అవ్వ ఆ అన్న పేరు ఎప్పుడూ ఎత్తేది కాదు. ఆయన భార్య, అంటే మా అవ్వకు వదిన, చివరిదాకా మా ఇంట్లోనే ఉండింది. ఇద్దరూ ఒక్క కంచంలో తినేవాళ్లు. ఎందుకు పుట్టింటికి పోలేదో ఎవరూ చెప్పలేదు.

ఎర్ర అంచు కట్టలో ఏడు ఉత్తరాలని సార్ రాసినారు కదా. ఏడూ అడిగి తెప్పించుకుని చదివాను. అయిదు ఆ సంవత్సరంవే, ఆ కష్టం గురించే. మిగతా రెండు చాలా తర్వాతివి. ఒకటి ఇట్లా ఉంది: "వదిన కొన్న ఎనుము ఈనిందని రాయించినావు. పడ్డ అంట కదా. దాన్ని అమ్మనీయొద్దు. పాల డబ్బు వదిన చేతికే ఇయ్యి." ఇంకోటి ఆ ఎనుము కొట్టానికి కప్పు వేయించడం గురించి.

మేము గేదె అనం, ఎనుము అంటాం. పడ్డ అంటే దాని ఆడ దూడ. అది ఎక్కడిదో మా అమ్మను అడిగాను. కంపెనీ వాళ్లు ఆయన పోయినాక ఇచ్చిన డబ్బుతో కొన్నదంట. ఆ డబ్బు తినడానికి ముట్టుకోనని ఆమె అనిందంట. దాంతో ఎనుమును కొని, దాని పాల మీద తన కాళ్ల మీద తాను నిలబడింది. అందుకే పుట్టింటికి పోలేదు.

మా అవ్వకు చదువు రాదు. ఉత్తరాలు ఎవరి చేతనో చదివించుకునేది. అయినా ఏ ఉత్తరం ఏ కట్టలో పెట్టాలో ఆమెకు తెలుసు. ఎనుము ఉత్తరాన్ని అన్న ఉత్తరంతో కలిపి తన చీర అంచుతో కట్టింది. నేను వెతుకుతూ ఉండింది ఆ కట్ట కోసమని ఇప్పుడు తెలుస్తాంది.


సెర్చ్ ఇంజనీర్, కోరమంగళ
మంగళవారం, ఉదయం 1.20

అక్కా, మీరు రాసింది చదివాక ఆ రెండు ఉత్తరాల మీద మళ్లీ పరీక్ష చేశాను. గని, చావు, అన్న, వదిన, నష్టపరిహారం అంటూ నాకు తోచిన పాతిక ప్రశ్నలు వేశాను. ఎనుము ఉత్తరం ఏ ఒక్కదానికీ పైకి రాలేదు. 'పాడి పశువు' అని కొడితే వెంటనే వచ్చింది.

నేను వెనక్కి తగ్గుతున్నానని ఎవరూ అనుకోవద్దు. నా ఆలోచన ఇది. 'అన్న పైకి రాలేదు' అన్నది మాట అర్థం సంగతి. సందర్భం ఇస్తే యంత్రానికి అందింది. ఎనుము ఉత్తరం అర్థం యంత్రానికి సరిగ్గానే అందింది. అది ఎనుము గురించే. డబ్బు ఎక్కడిదన్నది ఏ ఉత్తరంలోనూ లేదు, మీ అమ్మగారి నోట ఉంది. దాన్ని అర్థం అనకూడదు. లోకంలో జరిగిన సంగతి అనాలి. సెర్చ్‌కు ఆ సంగతి ఇవ్వకుండా తెమ్మనడం న్యాయం కాదు.


శాస్త్రపాఠం, మైలాపూర్
మంగళవారం, ఉదయం 6.10

నాయనా, 'లోపల' అంటే గని అన్నది కూడా లోకంలో సంగతే. ఆ గీత ఎక్కడ గీస్తావు?


సెర్చ్ ఇంజనీర్, కోరమంగళ
మంగళవారం, ఉదయం 9.00

'లోపల' అన్నదాన్ని వందల ఉత్తరాల్లో వందల మంది అలాగే వాడి ఉంటారు. అది వాడుక. ఎనుముకూ ఆ చావుకూ ఉన్న ముడి ఒక్క ఇంటిది, ఒక్కసారి పడ్డది. మళ్లీ మళ్లీ జరిగేదాన్నే వాడుక అంటాం, వాడుక ఉన్నచోటే అర్థం అంటాం. నా గీత అక్కడ.


పుస్తకాల గది, జయనగర్
మంగళవారం, రాత్రి 10.05

ఆ గీతకు నేను ఒప్పుకోను. ఒక్క ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కలిసి నలభై ఏళ్లు బతికితే అది కూడా వాడుకే. ఆ ఇంట్లో 'ఎనుము' అన్న ప్రతిసారీ ఆ ఇద్దరికీ ఏం వినబడి ఉంటుంది? వాడేవాళ్లు ఇద్దరే అయినంత మాత్రాన అర్థం కాకుండా పోదు. ఈ విషయంలో నేనూ ఇంజనీరు గారూ ఇవాళ ఫోన్లో గంటసేపు వాదించుకున్నాం. తెగలేదు.

నా మొదటి పోస్టులో ఒక మాట మాత్రం మార్చుకుంటున్నాను. మనిషి చదివి చేత్తో రాస్తే చాలన్నాను. ఎనుము ఉత్తరం నేనూ చదివాను. 'పశుపోషణ' అని కార్డు మీద రాశాను కూడా. నా చేతి రాతా యంత్రం చెప్పిందే చెప్పింది.

ఇవాళ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. ఏడింటినీ ఫొటోలో ఉన్న వరుసలోనే మళ్లీ పేర్చాం. క్యాటలాగులో కొత్తగా ఒక గడి పెట్టాం, 'ఎవరు దేనితో కలిపి ఉంచారు' అని. మల్లేశ్వరం మేడమ్ ఫోన్లో చెప్తుంటే నేను రాశాను. ఎనుము ఉత్తరం కార్డు మీద ఇప్పుడు ఇలా ఉంది: "పాడి. కుటుంబం. పలమనేరు ప్రాంతం. గ్రహీత దీన్ని అన్న మరణం ఉత్తరాలతో కలిపి ఎర్ర చీర అంచుతో కట్టి ఉంచారు. కారణం కుటుంబం చెప్పినది, వెనక చూడండి." ఈ గడిని కూడా సెర్చ్ చదివేలా చేస్తానని ఇంజనీరు గారు ఒప్పుకున్నారు. ఆదివారం వస్తారు.

ఇంకా ముప్పయి ఒక్క కట్టలున్నాయి, అన్నీ జనపతాడువి. వాటి ఫొటోలు అంత బాగా రాలేదు. పలమనేరులో ఆ అమ్మాయి వాళ్లమ్మగారు ఉన్నారు, ఎనభై దాటారు. అవ్వ కట్టలు కడుతుంటే పక్కన కూర్చుని ఉత్తరాలు చదివిపెట్టింది ఆవిడేనట. వచ్చే నెల మేమిద్దరం ప్రింట్లు తీసుకుని వెళ్తున్నాం.